ట్రైలజీలు మూడూ ఒకే రోజు చూడాలా? చర్చ ఎప్పుడూ "మొదటిదే బాగుంది" దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఇరవై మందితో నడుస్తున్న మీ పుస్తకాలు–సినిమాల బృందం ఈసారి ట్రైలజీలు, అంటే మూడు భాగాలుగా వచ్చిన సినిమాలు, నవలలు తీసుకోవాలనుకుంటోంది. ఇంతకుముందు రెండుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ "ఫస్ట్ పార్టే బాగుంది, సెకండ్ పార్ట్ ల్యాగ్, థర్డ్ పార్ట్ తేలిపోయింది" అన్న మూడు మాటలతో చర్చ అయిపోయింది. మూడు భాగాలూ ఒకే ఆదివారం పెట్టాలా, విడివిడిగానా? ఏ వరుసలో? దేనితో మొదలుపెట్టాలి? వచ్చినవాళ్ల అభిప్రాయాలు పనికొచ్చేలా ఎలా రాబట్టాలి?

ముందు సూటిగా జవాబు. విడివిడిగా పెట్టండి. సినిమాలైతే మధ్యలో రెండు వారాలు, నవలలైతే నాలుగైదు వారాలు. విడుదలైన వరుసలోనే వెళ్లండి. ప్రతి భాగం అయ్యాక ఎవరూ నోరు తెరవకముందే పది నిమిషాలు కాగితం మీద రాయించండి. సినిమాల్లో సత్యజిత్ రాయ్ అపూ చిత్రాలతోనూ (అపూ అనే కుర్రాడి జీవితం మీద మూడు బెంగాలీ సినిమాలు), పుస్తకాల్లో గోర్కీ ఆత్మకథతో గానీ నవీన్ ‘అంపశయ్య’ వరుసతో గానీ మొదలుపెట్టండి. రింగుల కథనూ (‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’) నక్షత్రాల యుద్ధాలనూ (‘స్టార్ వార్స్’) మొదటి విడతకు తీసుకోకండి. వాటికి ముందే అభిమానులుంటారు, మిగతావాళ్లు వినేవాళ్లుగా మిగిలిపోతారు.

ఇప్పుడు కారణాలు.

మన ప్రేక్షకుడి అలవాటు రెండు సగాలది. ఫస్టాఫ్, ఇంటర్వెల్ బ్యాంగ్, సెకండాఫ్. కథ మధ్యలో ఒక పెద్ద మలుపు, చివర్లో దాని లెక్క తేలడం, ఈ లయ చిన్నప్పటి నుంచీ మనకు వంటబట్టింది. ‘బాహుబలి’ 2015లో ఒక ప్రశ్న దగ్గర ఆగి 2017లో జవాబు చెప్పినప్పుడు జనం రెండేళ్లు ఆగగలిగారంటే కారణం ఇదే. అది రెండేళ్ల ఇంటర్వెల్ ఉన్న ఒకే సినిమా. ట్రైలజీలో ఈ లయ పనిచేయదు. అక్కడ రెండో భాగం సెకండాఫ్ కాదు. మొదలూ కాదు, ముగింపూ కాదు. మనవాళ్లు దాన్ని సెకండాఫ్ అనుకుని కూర్చుంటారు, క్లైమాక్స్ రాలేదని లేస్తారు, బయటికొచ్చి "ల్యాగ్" అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అది సినిమా గురించి చెప్పేదాని కన్నా వాళ్లు ఏం ఎదురుచూశారో ఎక్కువ చెబుతుంది. రెండో భాగం మొదలయ్యే ముందు రెండు నిమిషాలు నిలబడి "ఇవాళ ముగింపు ఉండదు, ఇవాళ ఏం మారిందో చూడండి" అని చెప్పండి. చర్చ తీరే మారిపోతుంది.

ట్రైలజీ అన్న పేరుతో మూడు వేర్వేరు వస్తువులు తిరుగుతున్నాయి. ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి.

మొదటి రకం, ఒకే కథను మూడు ముక్కలు చేసినది. టోల్కీన్ తన రింగుల కథను ఒకే నవలగా రాశాడు. లోపల ఆరు ఖండాలున్నాయి. యుద్ధం తర్వాతి కాగితం ఖర్చు చూసుకుని ప్రచురణకర్తలు 1954–55లో మూడు సంపుటాలుగా వేశారు. ఈజిప్టు రచయిత నగీబ్ మహఫూజ్ కైరో నవలలదీ అదే దారి. ఆయన ఇచ్చింది ఒకే పెద్ద రాతప్రతి, అది 1956–57లో మూడు పుస్తకాలుగా బయటికొచ్చింది. ఇలాంటివాటిలో ఒక్కో భాగాన్ని విడిగా "బాగుంది, బాగాలేదు" అనడం కూరలో ఉప్పొక్కటీ రుచి చూసినట్టు. భాగానికి మార్కులు అడగొద్దు. అందాకా ఏం అర్థమైందో మాత్రం అడగండి. మధ్యలో విరామం కూడా తక్కువ ఉండాలి, సినిమాలైతే వారం చాలు.

రెండో రకం, మొదటిది దానికదే పూర్తయ్యాక, అది ఆడింది కాబట్టి మిగతావి పుట్టినవి. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ 1985లో ఒంటరి సినిమా. తర్వాతి రెండింటినీ కలిపి తీసి 1989, 1990ల్లో వదిలారు. మన ‘మనీ’ 1993లో, ‘మనీ మనీ’ 1995లో వచ్చాయి, ‘మనీ మనీ మోర్ మనీ’ 2011లో ఇంకో దర్శకుడి చేతి నుంచి వచ్చింది. ఇలాంటివాటి మీద "మొదటిదే బాగుంది" అన్న మాటకు న్యాయం ఉంది. మొదటిది అన్ని తలుపులూ మూసి వెళ్లిపోయింది. రెండోది వచ్చి వాటిని మళ్లీ తెరవాలి, మూడోది రెండోది తెరిచినవన్నీ మూయాలి. మూడో భాగం బరువు తగ్గడానికి పెద్ద కారణం ఈ బాకీ. సగం నిడివి పాత లెక్కలు కట్టడానికే పోతుంది, కొత్తగా చెప్పడానికి చోటుండదు. ఇలాంటివి చూశాక ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "ఇందులో రెండో భాగం బాకీ తీర్చిన సన్నివేశాలు ఏవి? తనకోసం తాను ఉన్నవి ఏవి?" ఇరవై మందీ కలిసి బోర్డు మీద రెండు వరుసలు రాస్తే "తేలిపోయింది" అన్న మాట వెనక ఏముందో కంటికి కనిపిస్తుంది.

మూడో రకం, కథ ఒకటి కాదు, ఆలోచన ఒకటి. పోలిష్ దర్శకుడు కీస్లోవ్‌స్కీ సినిమాలు నీలం, తెలుపు, ఎరుపు (1993–94) ఫ్రెంచి జెండా రంగుల మీద నడుస్తాయి. మనుషులు వేరు, ఊళ్లు వేరు. ఒక ముసలి మనిషి చెత్త సీసాను డబ్బాలో వేయడానికి అవస్థపడే చిన్న దృశ్యం మూడింట్లోనూ ఉంది. నీలంలో, తెలుపులో ఎవరూ సాయం చేయరు, ఎరుపులో ఒకమ్మాయి చేస్తుంది. మూడూ చూసినవాడికే ఆ చేతి సాయం విలువ తెలుస్తుంది. రాయ్ కలకత్తా చిత్రాలు ‘ప్రతిద్వంది’ (1970), ‘సీమాబద్ధ’ (1971), ‘జన అరణ్య’ (1975) కూడా ఈ జాతివే. ఉద్యోగం దొరకని యువకుడు, ఉద్యోగంలో పైకెక్కే యువకుడు, వ్యాపారంలోకి దిగిన యువకుడు. వీటికి మధ్యలో నెల ఉన్నా నష్టం లేదు, పైగా మేలే.

మీ బృందంలో ఎవరో ఒకరు ‘హిట్’ సినిమాలు పెడదాం అంటారు. రెండోది (2022) మన విశాఖలోనే జరుగుతుంది కాబట్టి ఉత్సాహం సహజం. కానీ అక్కడ ఏ కేసు ఆ సినిమాలోనే తేలిపోతుంది, హీరో మారిపోతాడు. అది వరుస చిత్రాల సంగతి. ట్రైలజీకి అడగాల్సిన ప్రశ్నలు దానికి అతకవు. సరదాకు చూడండి, ఈ కార్యక్రమంలో కలపకండి.

ఇక వరుస సంగతి. "కథాకాలం వరుసా, విడుదల వరుసా" అన్న తగవు ప్రతిచోటా వస్తుంది. దీనికి మనింట్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. భారతాన్ని నన్నయ 11వ శతాబ్దంలో మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో వదిలాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. 14వ శతాబ్దంలో ఎర్రన వచ్చి మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. అంటే మధ్య ముక్క అన్నిటికన్నా చివర పుట్టింది. అయినా మనం ఎవ్వరం నన్నయ, తిక్కన, ఎర్రన అన్న వరుసలో భారతం చదవం, పర్వాల వరుసలోనే చదువుతాం. ఎందుకంటే ఎర్రన తన పనిని ఖాళీ పూరించడంగానే పెట్టుకున్నాడు. ఆ భాగాన్ని నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. చదివేవాడికి అతుకు తెలియకూడదనే ఆయన కోరిక.

సినిమాల్లో వచ్చే ప్రీక్వెల్ (ముందు జరిగిన కథను తర్వాత తీసి చెప్పే భాగం) అలా కాదు. ప్రేక్షకుడికి చివర ఏమవుతుందో తెలుసన్న నమ్మకంతో అది తయారవుతుంది. ‘స్టార్ వార్స్’ 1977, 1980, 1983ల్లో వచ్చి, అంతకు ముందు తరం కథ 1999 నుంచి 2005 దాకా వచ్చింది. కథాకాలం ప్రకారం వెనకటి తరంతో మొదలుపెట్టారనుకోండి, 1980 చిత్రంలోని తండ్రి రహస్యం రహస్యంగా ఉండదు. అందుకే నియమం చిన్నది: తర్వాత వచ్చిన భాగం ఖాళీ పూరించేదైతే కథ వరుస, తెలిసినదాన్ని వెనక్కి తిరిగి చూసేదైతే విడుదల వరుస. అనుమానం ఉంటే విడుదల వరుస. నైజీరియా రచయిత అచెబె ఆఫ్రికా నవలల్లో 1964లో వచ్చిన మూడోది కథాకాలంలో 1960 నాటి రెండోదాని కన్నా ముందుది. అక్కడ వేరే ఊరు, వేరే కుటుంబం కాబట్టి ఎటు చదివినా చెడేదేం లేదు.

అపూ చిత్రాలతో మొదలుపెట్టమన్నాను కదా, దానికి గట్టి కారణాలున్నాయి. ‘పథేర్ పాంచాలీ’ (1955), ‘అపరాజితో’ (1956), ‘అపుర్ సంసార్’ (1959) మూడూ కలిపినా ఆరు గంటల లోపే. మొదటిది రెండు గంటల అయిదు నిమిషాలు, మిగతా రెండూ రెండు గంటల లోపు. రాయ్ మొదట్లో ట్రైలజీ అనుకుని మొదలుపెట్టలేదు. అయినా మూడూ ఒక్క ప్రాణంతో ఉంటాయి. ‘అపరాజితో’ బెంగాల్‌లో ఆడలేదు, 1957లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ తెచ్చుకుంది. మధ్య భాగం గురించి ప్రేక్షకుడి తీర్పు, జ్యూరీ తీర్పు ఎలా విడిపోతాయో చర్చించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. వీటికి మూలంగా బిభూతిభూషణ్ రాసినవి రెండు నవలలు, రాయ్ తీసినవి మూడు సినిమాలు. రెండో సినిమా మొదటి నవల చివరి భాగాన్నీ రెండో నవల మొదటి భాగాన్నీ కలుపుకుని వచ్చిందని ముందే చెబితే, పుస్తకాల వాళ్లకూ సినిమాల వాళ్లకూ మాట్లాడుకోవడానికి ఒక దారి దొరుకుతుంది.

ఆ మూడింటిలో రైలును పట్టుకోండి. మొదటి సినిమాలో అక్కాతమ్ముళ్లు తెల్లటి రెల్లుపూల మధ్య పరిగెత్తి రైలు చూస్తారు. అక్కడ అది వింత. రెండో సినిమాలో అదే రైలు కొడుకును కలకత్తాకు తీసుకెళుతుంది. పల్లెలో తల్లి ఆ చప్పుడు వింటూ ఎదురుచూస్తుంది. మూడో సినిమాకు వచ్చేసరికి అపూ గది పట్టాల పక్కనే, రైలు కూత ఇంట్లోకే దూరుతుంది. కష్టం వచ్చినప్పుడు ఆ పట్టాలే అతన్ని చావు వైపు లాగుతాయి. చివరికి కొడుకు కోసం తెచ్చేదీ బొమ్మ రైలే, ఆ పిల్లాడు దాన్ని తోసేస్తాడు. మొదటి భాగం ఒక్కటే చూసి లేచిపోయినవాడికి రైలు ఒక అందమైన షాట్, అంతే. మూడూ చూసినవాడికి అది ఒక జీవితం. "ఈసారి రైలు ఏం తెచ్చింది, ఏం తీసుకుపోయింది?" అని మూడుసార్లూ ఒకే ప్రశ్న వేయండి. వాల్తేరు రైల్వే క్వార్టర్ల పక్కన పెరిగినవాళ్లు మీ బృందంలో ఉంటే ఆ చర్చ మీరు ఆపలేరు.

అభిప్రాయాలు రాబట్టే పద్ధతి. ఇక్కడే చాలా బృందాలు దెబ్బతింటాయి.

పదికి ఎన్ని మార్కులు అని మొదటే అడగొద్దు. అంకె వేసిన మనిషి ఆ తర్వాత ఆ అంకెను కాపాడుకోవడానికే మాట్లాడతాడు. చేతిలో పట్టేంత కార్డు ఇవ్వండి, దాని మీద నాలుగే ప్రశ్నలు: ఏ సన్నివేశం లేకపోతే ఈ భాగం నిలబడదు? ఎక్కడ మీ ధ్యాస పక్కకు పోయింది, అప్పుడు తెర మీద ఎవరున్నారు? పోయిన భాగంలోది ఏదైనా ఇప్పుడు వేరేలా అర్థమైందా? వచ్చే భాగంలో ఏం జరగకూడదని కోరుకుంటున్నారు? మార్కులు కావాలంటే కార్డు వెనక, చివర్లో. రెండో ప్రశ్న "ల్యాగ్" అన్న మాటకు మందు. ఏ సన్నివేశమో రాయమంటే పదిమందిలో ఎనిమిది మంది ఒకే చోట ఆగుతారా, లేక ఎవరి చోటు వాళ్లదా అన్నది తెలుస్తుంది. ఒకే చోట ఆగితే లోపం సినిమాది. ఎవరికి వాళ్లే వేరు వేరు చోట్ల ఆగితే అది చూసేవాళ్ల అలసట, లేదా ఆ సాయంత్రం ఉక్కపోత.

కార్డుల మీద పేర్లు రాయించి దాచిపెట్టండి. మూడో భాగం అయ్యాక ఎవరి మొదటి కార్డు వాళ్లకు తిరిగివ్వండి.

ఇంకో లెక్క. మొదటి భాగానికి 20 మంది వచ్చి సగటున 7 మార్కులు వేశారనుకుందాం. అందులో 9 మంది తర్వాత రాలేదు. వాళ్ల సగటు 5 అనుకోండి. మూడో భాగానికి మిగిలిన 11 మంది సగటున 8 వేశారు. పైపైన చూస్తే 7 నుంచి 8కి పెరిగింది, మూడోదే బాగుందన్నమాట. కానీ ఆ 11 మందీ మొదటి భాగానికి వేసిన సగటు తీయండి: మొత్తం 140లోంచి వెళ్లిపోయినవాళ్ల 45 తీసేస్తే 95, దాన్ని 11తో భాగిస్తే 8.6. అంటే నిజానికి వాళ్ల దృష్టిలో మూడోది తగ్గింది. చివరిదాకా ఉన్నవాళ్ల కార్డులనే మూడు భాగాలకూ పోల్చండి. ఆన్‌లైన్‌లో పుస్తకాల ట్రైలజీలకు మూడో భాగం రేటింగ్ ఎక్కువ కనిపించినప్పుడు కూడా ఈ అనుమానమే ముందు పెట్టుకోవాలి. మొదటి పుస్తకం నచ్చనివాడు మూడోదాకా రాడు, మిగిలేది ఇష్టపడ్డవాళ్లే. పెద్ద సినిమాల్లో ఇది తిరగబడవచ్చు. ప్రచారం చూసి, ముందు భాగాలు చూడనివాళ్లు కూడా హాలుకు వస్తారు. అందుకే మీ కార్డు మీద "ముందు భాగాలు చూశారా" అన్న గడి కూడా ఒకటి పెట్టండి.

వెళ్లిపోయినవాళ్లను వదిలేయొద్దు. ఫోన్ చేసి ఎందుకు రాలేదో అడగండి. తీరిక లేక రాలేదా, నచ్చక రాలేదా అన్న తేడా మీకు కావాలి.

ఎదురుచూపు ఎంత పెద్దదైతే తీర్పు అంత కఠినంగా ఉంటుంది. ‘గాడ్‌ఫాదర్’ 1972, 1974ల తర్వాత మూడోది 1990లో వచ్చింది. పదహారేళ్లు. మొదటి రెండూ ఉత్తమ చిత్రం ఆస్కార్లు పొందినవి. దర్శకుడు కొప్పోలా దాన్ని ఉపసంహారంగా అనుకున్నాడు, ప్రేక్షకులు మూడో శిఖరం అనుకుని వచ్చారు. 2020లో ఆయన దాన్ని మళ్లీ కత్తిరించి, ‘కోడా’ (ఉపసంహారం) అన్న మాటతో పేరు మార్చి వదిలాడు. మీ బృందంలో సగం మందికి 1990 కూర్పు, సగం మందికి 2020 కూర్పు చూపించి కార్డులు పోల్చితే, పేరూ కూర్పూ మారితే అంచనా ఎంత మారుతుందో తెలుస్తుంది. ఇది రెండో విడతకు ఉంచండి, మొదటిసారే వద్దు.

పుస్తకాల విషయానికి వస్తే, గోర్కీ ఆత్మకథను ముందు పెట్టడానికి కారణం అందులో ప్రతి భాగానికీ తనదైన చోటు ఉండటమే. మొదటిది (1913–14) తాతగారి ఇల్లు, అమ్మమ్మ కథలు. రెండోది (1916) చెప్పుల దుకాణం, వోల్గా మీద స్టీమరులో గిన్నెలు కడిగే పని, విగ్రహపటాల కార్ఖానా. మూడోది (1923) కజాన్‌లో చదువుకుందామని వెళ్లి రొట్టెల బట్టీలో తేలడం. పోలికకు తీగ కూడా సులువుగా దొరుకుతుంది: ప్రతి భాగంలోనూ అతనికి చదువు చెప్పింది ఎవరు? సోవియట్ దర్శకుడు డోన్‌స్కోయ్ వీటినే 1938, 1939, 1940లలో మూడు సినిమాలుగా తీశాడు. పుస్తకం చదివినవాళ్లు, సినిమా మాత్రమే చూసినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. అపూ తర్వాత ఇవి చూస్తే ఇద్దరు పిల్లలు, రెండు దేశాలు పక్కపక్కన నిలబడతాయి.

తెలుగులోనే కావాలంటే నవీన్ ‘అంపశయ్య’ (1969), ‘ముళ్లపొదలు’, ‘అంతస్స్రవంతి’. మొదటిది ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు మనసులో నడిచే కథ. మిగతా రెండూ అతని జీవితాన్ని ముందుకు తీసుకెళతాయి. ఇక్కడ ఒక హెచ్చరిక: మొదటి పుస్తకం చైతన్యస్రవంతి పద్ధతిలో, అంటే మనసులో ఆలోచనలు పారినట్టే రాసే పద్ధతిలో ఉంటుంది. రోజుకు పది పేజీల చొప్పున నెలంతా సాగదీస్తే ఆ ధార తెగిపోతుంది. నాలుగైదు రోజుల్లో చదివేయమని చెప్పండి, మిగిలిన రోజులు చర్చకు ఆగండి. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ మరో మంచి ఎంపిక, నిజాం పాలన నుంచి ఆ తర్వాతి కాలం దాకా తెలంగాణ పల్లె నడక. ఉత్తరాంధ్ర పాఠకులకు అందులోని సంభాషణల యాస మొదట్లో కాస్త ఆగి చదవాల్సి వస్తుంది. మొదటి సమావేశంలో రెండు మూడు సంభాషణలు పైకి చదివించండి. ఆ పక్కవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లచేత చదివిస్తే ఇంకా మేలు. చెవికి పడ్డాక కంటికి అడ్డురాదు.

పెద్ద నవలలకు లెక్క ఇలా వేసుకోండి: రోజుకు 25 పేజీలు, వారానికి అయిదు రోజులు. 500 పేజీలకు నాలుగు వారాలు. వారంలో రెండు రోజులు ఖాళీగా వదలకపోతే మొదటి వారంలోనే సగం మంది వెనకబడి, సిగ్గుపడి రావడం మానేస్తారు. ఎప్పటికైనా టోల్కీన్‌కు వచ్చినప్పుడు ఒక సంగతి ముందే చెప్పండి. రెండో సంపుటంలో మొదటి సగమంతా ఉంగరం మోసే కథానాయకుడు ఫ్రోడో కనిపించడు, రెండో సగమంతా మిగతావాళ్లు కనిపించరు. సినిమాలో రెండు దారులూ కలగలిపి చూపించారు, పుస్తకంలో విడివిడిగా ఉన్నాయి. ఈ ఒక్క మాట ముందే తెలియక పుస్తకం మూసేసేవాళ్లు ఎక్కువ. సినిమాలు మూడూ థియేటర్ నిడివిలోనే 558 నిమిషాలు, అంటే తొమ్మిది గంటల పైన. పొడిగించిన కూర్పు మొదటిసారి చూసేవాళ్లకు పెట్టకండి.

ఒకే రోజు మూడూ చూడటం మీద ఇంకొక్క మాట. పొద్దున చూసింది తాజాగా ఉంటుంది, మధ్యాహ్నం భోజనం తర్వాత పడే రెండో భాగం నిద్రమత్తులో పోతుంది, రాత్రి మూడోది ఇంటి తొందరలో పోతుంది. అప్పుడు "మొదటిదే బాగుంది" అనక ఏమంటారు? పైగా కాలం గడవడమే కథ అయిన ట్రైలజీలున్నాయి. అమెరికన్ దర్శకుడు లింక్‌లేటర్ ‘బిఫోర్’ ప్రేమకథ మూడు భాగాలు 1995, 2004, 2013ల్లో వచ్చాయి. తొమ్మిదేసి ఏళ్లు నటులూ పెద్దయ్యారు, పాత్రలూ పెద్దయ్యాయి, చూసేవాళ్లూ పెద్దయ్యారు. మనం తొమ్మిదేళ్లు ఇవ్వలేం కానీ ఒక నెల ఇవ్వగలం.

ప్రదర్శన ఏర్పాట్లు త్వరగా చెబుతాను.

కమ్యూనిటీ హాలుకు 3000 నుంచి 3500 ల్యూమెన్ల (వెలుతురు కొలత) ప్రొజెక్టర్ చాలు, హాలు చీకటిగా ఉంటేనే. కిటికీలకు తెరలు లేకపోతే పొద్దుగూకే వేళ చూసుకోండి. మన దగ్గర డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది, జూన్‌లో ఆరున్నర దాటాలి. తెర కింది అంచు నేల నుంచి కనీసం 4 అడుగుల ఎత్తులో ఉండాలి, లేకపోతే ముందువాళ్ల తలలు సబ్‌టైటిల్స్‌ను మింగేస్తాయి. బెంగాలీ సినిమాకు మాటలు అందకపోతే మీ కార్డులన్నీ వృథా. శబ్దం ప్రొజెక్టర్ స్పీకరుతో నడిపించొద్దు, ఫ్యాన్ల హోరులో వినబడదు.

తెలుగు సబ్‌టైటిల్స్ మీరే చేసుకుంటే రెండు వరుసలు మించొద్దు, వరుసకు 35–40 అక్షరాలు. ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరచండి, లేకపోతే గళ్లు, పిచ్చి గుర్తులు వస్తాయి. పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకో ప్రొజెక్టర్‌కో పెడితే ఒత్తులు విడిపోవడం తరచూ జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌తో, మంచి తెలుగు ఫాంటుతో నడపండి. మాట ముందు, అక్షరం తర్వాత వస్తుంటే ఏ తేడానో చూడండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే ప్లేయర్లోనే జరపవచ్చు. పోనుపోను పెరుగుతుంటే ఫ్రేముల లెక్క తప్పింది. సెకనుకు 25 ఫ్రేముల డిస్కుకు చేసిన ఫైలు 24 ఫ్రేముల వీడియోతో పెడితే గంటకు రెండున్నర నిమిషాలు తప్పుతుంది. దాన్ని సబ్‌టైటిల్ ఎడిటర్లో మార్చాలి. విశాఖలో బెంగాలీ కుటుంబాలు దొరకనంత దూరంలో లేవు. ఒకరిని పిలిచి మీ తెలుగు మాటలు ఒకసారి సరిచూడమనండి. వాళ్లూ సినిమాకు వస్తారు.

హక్కుల సంగతి నిర్లక్ష్యం చేయకండి. ఇంట్లో చూసుకోవడానికి తీసుకున్న ఓటీటీ చందాతో హాల్లో ప్రదర్శన వేయకూడదు. మన కాపీరైట్ చట్టంలో సినిమాకు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల గడువు. అపూ చిత్రాలు మూడూ అది దాటాయి. కానీ అసలు నెగటివ్‌లు 1993లో లండన్ అగ్నిప్రమాదంలో కాలి దెబ్బతిన్నాయి, ఇప్పుడు దొరికే చక్కటి ప్రతి 2015లో పునరుద్ధరించినది. ఆ డిస్కు, దాని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఎవరివో చూసుకుని, వాళ్ల అనుమతి అడిగి వేయండి. కొత్త సినిమాలకైతే హక్కుదారు లిఖిత అనుమతి తప్పదు. తరచూ వేయాలనుకుంటే ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్‌లో చేరే దారి చూడండి. 1959లో మొదలైన సంస్థ అది, మొదటి అధ్యక్షుడు రాయే.

ఇంటర్వెల్ ఇవ్వకండి. టీ సినిమా అయ్యాక పెట్టండి, టీ వచ్చేలోపు కార్డులు రాయించండి. అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకుంటే తుఫాను రోజులకు ఒక అదనపు ఆదివారం చేతిలో ఉంచుకోండి. మధ్య భాగం వాయిదా పడి నెలన్నర తేడా వస్తే, రెండో భాగం ముందు మొదటి సినిమాలోని రెల్లుపూల దృశ్యం ఒక్కటి, నాలుగైదు నిమిషాలు, మళ్లీ వేయండి. కథ తిరిగి చెప్పడం కన్నా అది బాగా పనిచేస్తుంది.

మూడో సాయంత్రం మొదటి కార్డులు తిరిగిచ్చినప్పుడు, వాటిని పైకి చదవమని ఎవరినీ బలవంతపెట్టకండి. పక్కనే కొత్త కార్డు ఇచ్చి మూడో ప్రశ్న ఒక్కటే మళ్లీ అడగండి: మొదటి భాగంలోది ఏది ఇప్పుడు వేరేలా అర్థమైంది? మాట్లాడాలనుకున్నవాళ్లు తమంతట తామే లేస్తారు. హాలు తాళం ఎనిమిదిన్నరకు అప్పగించాలంటే ఆ రోజు సినిమా అయిదున్నరకే మొదలుపెట్టండి, చర్చకు గంట పైన కావాలి.